దుప్పట్లక్క అడిగిన జీతం

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ దుప్పట్లక్క అంటారు. డాక్టర్లు అంటారు, నర్సులు అంటారు, గేటు దగ్గర కాపలావాడు అంటాడు. వార్డులో కొత్తగా చేరి ఇంకా ఎవరితోనూ మాట కలపని మనిషి కూడా కొన్నాళ్లకు ఆ పేరే పలుకుతాడు. మనసుకు జబ్బు చేసినవాళ్లకు వైద్యం చేసే ఆసుపత్రి అది. అక్కడి లాండ్రీ అంతా ఆమె చేతి కింద నడుస్తుంది. పొద్దున వార్డుల నుంచి మూటలు మూటలుగా వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు సాయంత్రానికల్లా ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి వెనక్కి పంపాలి. మబ్బు పట్టినా సరే, పంపుతుంది. ఆమె మొదట ఆ ఆవరణలోకి పనిమనిషిగా రాలేదు, రోగిగా వచ్చింది. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచదు. అడిగితే కూర్చోబెట్టి చెబుతుంది.

జబ్బు చేయకముందు ఆమె ఒళ్లు దాచుకోవడం తెలియని మనిషి. పొద్దున ఒక ఆఫీసు భవనంలో మెట్లూ వరండాలూ తుడిచేది. మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా దగ్గర్లోని క్యాంటీన్‌లో గిన్నెలు తోమేది. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, బడికి వెళ్లే పిల్ల. ఇల్లంటే ఒకే గది. ఒక మూలన పొయ్యి, ఇంకో మూలన పిల్ల పుస్తకాలు. ఇల్లు గడవడం ఎప్పుడూ కష్టంగానే ఉండేది గానీ, తన పని గురించి ఎవరైనా ఒక్క మాట అనడానికి ఆమె సందు ఇచ్చేది కాదు. ఆమె తుడిచిన మెట్లు చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాలేమో అని ఆఫీసువాళ్లు నవ్వుకునేవారు. ఆ మాట విననట్టు వంగి తుడుస్తూనే, చెవులు రిక్కించి వినేది.

ఒకే వానాకాలంలో రెండు పనులూ పోయాయి. ఆఫీసువాళ్లు శుభ్రం చేసే పనంతా ఒక కంపెనీకి అప్పగించారు. ఆ కంపెనీ తన మనుషుల్ని, తన యంత్రాన్ని తెచ్చుకుంది. ఆమె అలవాటుగా చీపురు పట్టుకుని మెట్ల దగ్గరికి వెళితే, అక్కడ ఒక కుర్రాడు యంత్రాన్ని తోసుకుంటూ, "పక్కకి జరుగు పెద్దమ్మా, తడుస్తావు" అన్నాడు. వాడు మర్యాదగానే అన్నాడు. అయినా ఆ మాట ఆమెకు చాలాకాలం గుచ్చుకుంటూనే ఉంది. క్యాంటీన్ యజమాని నష్టం వస్తోందని దుకాణం ఎత్తేశాడు. ఆమె కాళ్లరిగేలా తిరిగింది. ఎక్కడికి వెళ్లినా చూస్తాం, చెబుతాం అన్నారే తప్ప రమ్మన్నవాళ్లు లేరు.

తిరిగి తిరిగి ఇంటికొచ్చి ఊరికే కూర్చోలేక తన గది తుడిచేది. తుడిచింది మళ్లీ తుడిచేది. నిద్ర పట్టడం మానేసింది. బడి నుంచి వచ్చిన పిల్ల, "అమ్మా, నేను పొద్దున వెళ్లేటప్పుడూ ఇదే మూల తుడుస్తున్నావు" అంది. ఆమె తలెత్తకుండా, "మరక పోవట్లేదే" అంది. పిల్ల వంగి చూసింది. మరకేమీ లేదు, అరిగిపోయిన సిమెంటు తప్ప.

తర్వాత ఒకరోజు ఆ గుడ్డ కూడా చేతిలోంచి జారిపోయింది. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ఇక లేవలేదు. తినమంటే తినదు, పలకరిస్తే పలకదు, తల దువ్వుకోదు. చుట్టుపక్కలవాళ్లు వచ్చి చూసి పెదవి విరిచారు. పని దొరక్కపోతే మాత్రం ఇలా కూర్చుంటారా అన్నారు. బద్ధకం అలవాటైతే అంతే అన్నారు. ఆమెకు అన్నీ వినిపించాయి. జీవితంలో ఎన్నో మాటలు పడింది గానీ బద్ధకం అనే మాట ఎన్నడూ పడలేదు. కాదని చెప్పడానికి నోరు తెరవాలనుకుంది. పెదవులు కదల్లేదు.

సంగతి తెలిసి చెల్లెలు వచ్చింది. ఆమె కూడా రెక్కాడించి బతికే మనిషే, ఊరి అవతలి కొసన కూరగాయల బండి నడుపుతుంది. వచ్చి ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు. అక్క తల దువ్వింది, మొహం కడిగింది, పిల్ల బట్టలు సంచిలో సర్దింది. "నా అక్క బద్ధకపు మనిషైతే ఈ ఊళ్లో పని చేసేవాళ్లెవరూ లేనట్టే. ఇది జబ్బు. జబ్బుకి ఆసుపత్రి ఉంది" అని గడప దాటించి బస్సెక్కించింది.

ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. తొందరపెట్టలేదు. ఎంతోసేపటికి ఆమె నోటి నుంచి వచ్చింది ఒక్క మాట.

"నాకు జబ్బు లేదు. పని లేదు. అంతే."

"పని లేకపోవడం నుంచే మొదలై ఉంటుందమ్మా" అంది డాక్టరమ్మ. "కానీ ఇప్పుడు జబ్బు కూడా ఉంది. రెండూ నిజమే. ఒకటి నేను చూస్తా. రెండోది నా చేతిలో లేదు. ఉందని మాత్రం అబద్ధం చెప్పను."

ఆ చివరి మాట వల్లనే ఆమెకు డాక్టరమ్మ మీద నమ్మకం కుదిరింది.

మందులు వెంటనే ఏమీ మాయ చేయలేదు. మొదట నిద్ర వచ్చింది. నిద్ర వెనకాల ఆకలి వచ్చింది. మాట అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. ఒకరోజు పొద్దున పెద్ద నర్సు మంచం మీద దుప్పటి పరుస్తుంటే ఆమె కనుబొమలు ముడిచి, "ఇది ఎవరు మడిచారు?" అంది.

నర్సు పక్కకి తిరిగి, "ఏం, ఏమైంది?" అంది.

"మడతలో తడి ఉంది. వాసనొస్తోంది. అంచులు కలవలేదు."

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. ఇన్నాళ్లకు నోరు విప్పి ఈ మనిషి అడిగింది ఇదా అని, దుప్పటి అలాగే వదిలేసి డాక్టరమ్మకు చెప్పడానికి పరిగెత్తింది.

అలా ఆమెను లాండ్రీకి పంపారు. కొంచెం కోలుకున్న రోగులు వ్యాపకంగా ఏదో ఒక పని చేయడం అక్కడి వైద్యంలో భాగం. కొందరు తోటపనికి వెళతారు, కొందరు బుట్టలు అల్లుతారు. లాండ్రీలో ఉద్యోగి ఒకే ఒక్క పెద్దాయన. ఆయనకు సాయంగా ఉండే రెండో మనిషి రిటైరై వెళ్లిపోయాక ఆ ఖాళీలో ఎవరినీ వేయలేదు. లాండ్రీ పెద్దాయన మాటలపోగు. గదిలో రెండు ఉతికే యంత్రాలు ఉండేవి. అందులో పాతదాన్ని ఆయన అల్లుడుగారు అనేవాడు. చప్పుడెక్కువ, పని తక్కువ, పొద్దునే మర్యాద చేయకపోతే కదలడు అనేవాడు. "ఈరోజు అల్లుడుగారు అలిగారమ్మా, కాస్త నువ్వు పలకరించు" అని ఆయన అన్నప్పుడు ఆమె నవ్వింది. నవ్వడానికి బుగ్గలు కూడా పని చేయాలన్న సంగతి మరిచిపోయి చాలా కాలమైంది. బుగ్గలు నొప్పెట్టాయి.

పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. ఆమెకు జతగా వచ్చింది టీచరమ్మ. ఒకప్పుడు బళ్లో పాఠాలు చెప్పిన మనిషి, ఇప్పుడు మాటే లేదు. ఆ కొస ఆమె, ఈ కొస ఈమె. లాగి పట్టుకుని విదిలించాలి, అడుగులో అడుగు వేస్తూ దగ్గరికి రావాలి, అంచులు కలపాలి, మళ్లీ వెనక్కి నడవాలి. మాటలు అక్కర్లేని పని. కొద్దిరోజులకే వాళ్లిద్దరి చేతుల్లో దుప్పటి గాల్లో ఉండగానే మడతపడుతోందని పెద్దాయన మెచ్చుకున్నాడు. దుప్పట్లక్క అన్న పేరు పెట్టింది కూడా ఆయనే.

కోలుకుని ఇల్లు చేరింది. పిల్లను చెల్లెలి ఇంటి నుంచి తెచ్చుకుంది. మళ్లీ పని వెతకడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని అడిగినచోట నిజం చెప్పింది. చెప్పినచోటల్లా తలుపు మూసుకుంది. "పిల్లలున్న ఇల్లు కదా, ఏమీ అనుకోకు" అంది ఒక ఇల్లాలు, మంచినీళ్లు ఇచ్చి మరీ. అలా కొన్ని గడపలు దిగాక ఆమె కూడా మాట మార్చింది. ఊరవతల చెల్లెలి ఇంట్లో ఉన్నానని చెప్పి ఒక హాస్టల్లో పని సంపాదించింది. వంటపాత్రలు, నేల, బాత్రూములు, అన్నీ ఆమె ఒక్కతే. బిళ్లలు కొంగున ముడివేసుకుని ఎవరూ చూడకుండా మింగేది. డాక్టరమ్మ రమ్మన్న రోజున సెలవు అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకని వెళ్లలేదు. రెండోసారీ వెళ్లలేదు. బిళ్లలు అయిపోయాయి. ఒళ్లు బాగానే ఉందిగా అని సరిపెట్టుకుంది.

కొన్నాళ్లకు హాస్టల్ వరండా తుడుస్తూ, ఒకే పలక మీద గుడ్డ తిప్పుతున్నానని ఆమెకే తెలిసింది. చెయ్యి ఆపి చూసింది. మరక లేదు. కిందటిసారి ఈ దారి ఎటు పోతుందో తెలియలేదు. ఈసారి తెలుసు. గుడ్డ బకెట్ మీద ఆరేసి, చేతులు కడుక్కుని, హాస్టల్ మేనేజరు దగ్గరికి వెళ్లి, "నాకు మనసు జబ్బు ఉందండి, ఆసుపత్రికి వెళ్లాలి" అని చెప్పింది. ఆయన తెల్లబోయి చూస్తుండగానే బయటికి నడిచి బస్సెక్కింది.

డాక్టరమ్మ ఆమెను చూసి, "ఎవరు తీసుకొచ్చారు?" అని అడిగింది.

"ఎవరూ తీసుకురాలేదు. నేనే వచ్చా."

డాక్టరమ్మ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అంత పెద్ద డాక్టరు లేచి నిలబడిందని ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఈసారి వార్డులో చేరాల్సిన అవసరం రాలేదు. మందులు మళ్లీ మొదలుపెట్టారు. రోజూ పొద్దున వచ్చి లాండ్రీలో పని చేసి సాయంత్రం ఇంటికి వెళ్లమన్నారు. హాస్టల్ ఉద్యోగం ఎలాగూ పోయింది. చెల్లెలు కూరగాయలు పంపి ఇల్లు నెట్టుకొస్తోంది. ఆమె లాండ్రీలో అందరికంటే ముందు వచ్చేది, అందరికంటే వెనక వెళ్లేది. నిద్ర కుదిరింది, ఒంట్లో సత్తువ వచ్చింది. ఒకరోజు మూట మోస్తూ మోస్తూ ఆగి, పెద్దాయన్ని అడిగింది.

"మీ పక్కన ఉండే ఆయన రిటైరయ్యాడు కదా. ఆయన చేసే పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?"

పెద్దాయన గెడ్డం గోక్కున్నాడు. "నువ్వే" అన్నాడు.

"మరి ఆయన జీతం ఎవరు తీసుకుంటున్నారు?"

ఆ మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, ఆమె సూపరింటెండెంటు గది ముందు నిలబడింది. వెనకాల పిలవకుండానే పెద్దాయన వచ్చాడు.

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు, విన్నాడు. "అది ఉద్యోగం కాదమ్మా. మీ వైద్యంలో భాగం. మీకు మేలు చేయడానికే" అన్నాడు.

"చేసింది సార్, నేను కాదనను. మంచం మీంచి లేవలేని రోజున ఈ పని నాకు మందే. ఇప్పుడు లేచాను. ఇల్లు నడపాలి, పిల్లని చదివించాలి. ఇప్పుడు కూడా ఇది మందే అంటే నాకింకా నయం కాలేదని అన్నట్టే కదా. డాక్టరమ్మ నయమైందంటోంది. మీరే ఏదో ఒకటి తేల్చండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ జబ్బు ఉన్నవాళ్లని ఉద్యోగంలోకి తీసుకునే రూలు లేదమ్మా."

అప్పుడు పెద్దాయన నోరు విప్పాడు. "నాకు బీపీ ఉంది సార్. రోజూ బిళ్ల వేసుకుంటా. మరి నన్నూ తీసేస్తారా?"

సూపరింటెండెంటు నవ్వాడు గానీ మాట ఇవ్వలేదు. పైవాళ్లకు రాస్తానన్నాడు. రాశాడు కూడా. కుదరదని జవాబు వచ్చింది.

ఆ జవాబు విన్న మర్నాడు కూడా ఆమె వేళకే వచ్చింది. డాక్టరమ్మ దగ్గర మాట్లాడింది, నర్సు ఎదుట బిళ్ల మింగింది. తర్వాత లాండ్రీ గుమ్మం బయట ఉన్న బెంచీ మీద కూర్చుంది. దుప్పటి ముట్టుకోలేదు.

"లోపలికి రావా?" అన్నాడు పెద్దాయన.

"వైద్యానికి వచ్చా, వైద్యం అయిపోయింది. ఉద్యోగానికి పిలిస్తే వస్తా."

ఆయనకు కోపం వస్తుందనుకుంది. ఆయన లోపలికెళ్లి టీ తెచ్చి ఇచ్చి, ఒక్కడే మూటలు విప్పుకోవడానికి వెళ్లిపోయాడు. కాసేపటికి టీచరమ్మ వచ్చి, గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, బెంచీ రెండో కొసన కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు. తర్వాతి రోజుల్లో లాండ్రీలో పనికొచ్చే రోగులు ఇంకొందరు వచ్చి కూర్చున్నారు. తమాషా ఏమిటంటే అందరిలోకీ ఎక్కువ అవస్థ పడింది ఆమే. లోపల మూటలు గుట్టపడుతుంటే, అల్లుడుగారు ఆగి ఆగి మూలుగుతుంటే ఆమె చేతులు ఊరుకునేవి కావు. వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చునేది. వార్డుల్లో దుప్పట్లు మార్చడం ఆలస్యమవుతుంటే నర్సులు గోల పెట్టారు. ఆమెకు అది సిగ్గుగానే ఉండేది. అయినా లేవలేదు. లేస్తే ఇక ఎప్పటికీ ఉచితంగా వంగుతూనే ఉండాలని ఆమెకు స్పష్టంగా తెలుసు.

డాక్టరమ్మ సూపరింటెండెంటు గదికి వెళ్లి గట్టిగానే మాట్లాడిందని తర్వాత నర్సు చెవిన వేసింది. ఆయన మళ్లీ రాశాడు. ఈసారి రాసి ఊరుకోలేదు, స్వయంగా వెళ్లి కూర్చుని పని చక్కబెట్టుకొచ్చాడు. ముందు తాత్కాలికం అన్నారు. తాత్కాలికమైనా జీతం జీతమే. ఆ కబురు తెచ్చిన రోజున ఆయన తన గదికి పిలిపించలేదు. తానే లాండ్రీ దాకా నడిచొచ్చి, బెంచీ ముందు నిలబడి, "రేపటి నుంచి మీరు మా ఉద్యోగి" అన్నాడు.

"రేపెందుకు సార్, మూటలు ఈరోజే ఉన్నాయి" అని ఆమె లేచి లోపలికి వెళ్లింది.

కూతుర్ని బళ్లో ఎవరో, మీ అమ్మ పిచ్చాసుపత్రిలో ఉంటుందట కదా అని ఏడిపించారు. "ఉండదు, అక్కడ ఉద్యోగం చేస్తుంది" అని పిల్ల పౌరుషంగా జవాబిచ్చి వచ్చి తల్లికి చెప్పింది. తల్లి పిల్లను దగ్గరికి తీసుకుంది. "బాగానే చెప్పావు గానీ, ఈసారి అడిగితే రెండూ చెప్పు. మా అమ్మ అక్కడ ఉంది, నయమైంది, ఇప్పుడు అక్కడే ఉద్యోగం చేస్తోంది అని. దాచామంటే తప్పు చేసినట్టు."

ఏళ్లు గడిచాయి. తాత్కాలికం ఖాయమైంది. పెద్దాయన రిటైరైతే ఆ కుర్చీ ఆమెకు వచ్చింది. అల్లుడుగారిని తీసేసి కొత్త యంత్రం తెచ్చినప్పుడు పెద్దాయన ఇంటి నుంచి వచ్చి మరీ సాగనంపాడు. ఆమె కింద ఇప్పుడు పనిచేసేవాళ్లలో సగానికి పైగా ఒకప్పుడు వార్డులో ఉన్నవాళ్లే. ఒక్కరి చేత కూడా ఆమె ఊరికే చేయించదు. వైద్యంగా వచ్చేవాళ్లకు వైద్యమంత పనే ఇస్తుంది, అలిసిపోతే కూర్చోబెడుతుంది. కోలుకుని పనిమనుషులతో సమానంగా చేయగలిగిన రోజున స్వయంగా ఆఫీసుకు తీసుకెళ్లి, వీళ్లకు జీతం రాయండి అంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజున వాళ్ల జీతం కోయకూడదు. జ్వరం వస్తే సెలవు ఎలాగో, మనసు బాగాలేకపోతే అలాగే సెలవు. ఈ మాట ఒప్పించడానికి ఆమె చాలా మెట్లు ఎక్కి దిగింది. టీచరమ్మ కూడా అక్కడే ఉద్యోగి. ఇప్పుడు మాట్లాడుతుంది, తక్కువగా. ఎక్కువ మాట్లాడేవాళ్లకు కళ్లతోనే పాఠం చెబుతుంది.

ఆ తర్వాత ఆమెకు జబ్బు మళ్లీ రాలేదని చెబితే వినడానికి బాగుంటుంది. కానీ వచ్చింది. చెల్లెలు అనారోగ్యంతో పోయిన ఏడాది, బిళ్లలు వేళకు వేసుకుంటూనే ఉన్నా, ఆమె మెల్లమెల్లగా కిందికి జారింది. తానే వెళ్లి వార్డులో చేరింది. తాను ఉతికించే దుప్పట్ల మీదే పడుకుంది. రోజూ పొద్దున మంచం దగ్గరికి తువ్వాలు తెచ్చే పని టీచరమ్మ ఇంకెవరికీ ఇవ్వలేదు. తెచ్చి, పక్కన కాసేపు కూర్చుని, లేచి వెళ్లేది. కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టాలన్న మాట ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. ఆమె సెలవులో ఉంది, అంతే.

ఇల్లు చేరాక కూతురు పక్కన కూర్చుంది. అప్పటికి ఆ పిల్ల బస్సుల డిపోలో ఉద్యోగం చేస్తోంది.

"ఇంక మానెయ్యమ్మా. నేను సంపాదిస్తున్నా కదా. నిన్ను నేను చూసుకుంటా."

"చూసుకుంటావు, నాకు తెలీదా" అంది ఆమె. "నన్ను నేను చూసుకోగలనా అన్నదే నాకు తెలియాలి. అది తెలిసేది ఇంట్లో కూర్చుంటే కాదు కదే."

మర్నాడు కూతురు తన డ్యూటీకి వెళుతూ తల్లిని ఆసుపత్రి గేటు దగ్గర దింపింది. దుప్పట్లక్క లోపలికి నడిచింది. లాండ్రీ గుమ్మంలో అడుగు పెడుతూనే ముక్కు చిట్లించింది.

"బ్లీచింగ్ ఎవరు వేశారు ఇవాళ? ఇంత ఘాటా? రోగులు ఈ వాసనకి పడుకోవద్దా?"

లోపలున్నవాళ్లు పని ఆపి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అందరి మొహాల్లోనూ నవ్వు. తిట్లు తిని అంత సంబరపడినవాళ్లను చూసి ఆమె కూడా నవ్వింది. కొంగు నడుముకు దోపుకుని దగ్గరున్న మూట విప్పింది.